బతికున్న గాయకుడికి బంతిపూల దండ

దోమను కొట్టడానికి కూడా నాకు చెయ్యి రాదు. అలాంటి నేను, ప్రపంచమంతా పేరున్న ఒక లాటిన్ పాప్ గాయకుణ్ణి బర్మాలోని యాంగోన్‌లో, లత పేటలో, మా అమ్మ దోసెల కొట్టులో పట్టపగలు చంపేశాను. ఎలాగో చెప్తాను, నవ్వకండి.

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. అతని చరిత్రంతా నాకు కంఠతా వచ్చు. ఎక్కడో కరీబియన్ దీవిలో పెళ్లిళ్లకి పాడుకునే కుర్రాడు. తొలి ఆల్బమ్ ఎవరూ కొనకపోయినా పాడటం మానలేదు. ఆనక స్పానిష్ ముక్క రాని మనబోటివాళ్ల చేత కూడా నడుములు తిప్పించాడు. ఆ పాటలకి డాన్సు నేర్చుకుంటానని అమ్మని వేధిస్తూ, అతని పుట్టినరోజుకి ఊళ్లో అభిమానులంతా మా కొట్టులోనే టిఫిన్ చేసేట్టు నేనే ఒప్పించాను.

"ఇది బాగా జరిగితే డాన్సు క్లాసుకి ఎల్లు. పిండి మిగిలిపోనాదా, ఇంక ఆడి పేరెత్తకు" అంది అమ్మ.

బాగా జరగాలనే అతని ఫోటోకి ఫ్రేమ్ కట్టించి, గోడకి తగిలించి, నుదుట బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, ముందు దీపం వెలిగించాను. మా ఇంట్లో దేవుళ్లకీ దండే, తాతకీ దండే. ప్రేమ ఉన్నవాళ్లకి వేస్తారనుకున్నాను. తాతకి పోయాకే వేశారన్న సంగతి నా బుర్రకి తట్టలేదు.

నేను లోపల చట్నీ కలుపుతుండగా పక్కింటి నరసమ్మ పిన్ని వచ్చి ఫోటో చూసింది.

"ఓలమ్మో! ఇంత సిన్నోడు! ఏటయిపోనాదో!" అని శోకం అందుకుంది. అప్పుడే వచ్చిన అభిమానులకి, అతను పోయాడని బర్మా భాషలో చెప్పేసింది కూడా.

నేను దోసెలతో బయటికొచ్చేసరికి కొట్టంతా ఏడుపే. అభిమానుల నాయకుడు కో మిన్, "నిన్ననే కదా కొత్త పాట పెట్టాడు!" అని వెక్కుతున్నాడు. అది విని నేనూ పళ్లెం వదిలేసి భోరుమన్నాను.

కాస్త తేరుకుని, "నీకెవరు సెప్పినారు పిన్నీ?" అన్నాను.

"నువ్వే కదే దండేసినావు!"

కో మిన్ గబగబా ఫోన్ తీశాడు. అందులో మావాడు నవ్వుతూ కేకు కోస్తున్నాడు.

"బతికున్నోడికి దండేత్తావేటే!" అంటూ పిన్ని తలస్నానానికి పరుగెత్తింది. మిగిలినవాళ్లు, పోయిన ప్రాణం తిరిగొచ్చిన సంతోషంలో, మారు దోసెలు అడిగి మరీ తిన్నారు.

అమ్మ ఖాళీ పిండిగిన్నె గీకుతూ, "క్లాసుకి ఎల్లు. వచ్చే ఏడు గూడా ఆడిని ఓపాలి సంపీద్దామేటే?" అంది.

ప్రాణమున్న మనిషికి జన్మలో దండ వెయ్యనని ఆ దీపం ముందే ఒట్టు పెట్టుకున్నాను. అది తప్పింది ఒక్కసారే, నా పెళ్లిలో. నేను దండ ఎత్తగానే పందిట్లోంచి పిన్ని కేకేసింది:

"ముందు ఓపాలి దగ్గు నాయినా, బతికున్నావని తెలాల!"

పెళ్లికొడుకు దగ్గాకే వేశాను.