నాన్నమ్మని తిడుతున్నవాళ్లందరికీ, మా బొంగరం గురించి

నిన్న మధ్యాహ్నం ఫిజిక్స్ క్లాసులో ఉండగా వార్డెన్ మేడమ్ పిలిచి ఫోన్ చేతికిచ్చారు.

అమ్మ.

"చిన్నీ, మన బొంగరం చచ్చిపోయిందే" అంది.

నేను నమ్మలేదు. సరిగ్గా చూశారా, నిద్రపోతోందేమో అన్నాను. అమ్మ ఏడ్చింది. అప్పుడు నమ్మాను.

నిన్న హాస్టల్ వాళ్లు పంపలేదు. ఇవాళ అవుట్‌పాస్‌తో పాటు నా ఫోన్ కూడా ఇచ్చారు. గుడివాడ నుంచి అవనిగడ్డ బస్సులో కూర్చుని ఇది టైప్ చేస్తున్నాను.

ఈ పోస్ట్ మనవాళ్లకి మాత్రమే. షేర్ చెయ్యకండి, స్క్రీన్‌షాట్లు తియ్యకండి. ప్లీజ్.

దాన్ని చూడనివాళ్ల కోసం మొదటినుంచి చెప్తాను.

నేను ఏడో తరగతిలో ఉండగా నాగాయలంకలో మా చేపల చెరువులో ఆకాశం నుంచి ఏదో పడింది. నీళ్లు కుతకుతా ఉడికాయి. తెల్లారి వెళ్లి చూస్తే గట్టు పక్కన కొబ్బరికాయంత ప్రాణి. కళ్లు లేవు, నోరు లేదు. చుట్టూ సన్నటి మీసాలు. నీలంగా మెరుస్తూ గిరగిరా తిరుగుతోంది. అందుకే బొంగరం అని పేరు పెట్టాను. ఈ భూమ్మీదది కాదని చూడగానే తెలిసిపోయింది.

భయమేసింది. కానీ అది నాకంటే ఎక్కువ భయపడుతోంది.

రోజూ గట్టు మీద కూర్చుని ఎక్కాలు చదివేదాన్ని. నేను చదువుతుంటే తిరిగేది. తప్పు చదివితే టక్కున ఆగిపోయేది! పదమూడో ఎక్కం దగ్గర నా పరువు తీసేసింది. ఆ ఎక్కం నాకు మాస్టారు నేర్పలేదు, బొంగరమే నేర్పింది.

అంతలో చెరువులో చేపలు చచ్చి తేలడం మొదలైంది.

బాబాయ్ దాన్ని చూసేశాడు. "రోగం తెచ్చింది ఇదేరా" అని బ్లీచింగ్ బస్తాలు దింపించాడు. చెరువుకి రోగమొస్తే మనవాళ్లు చేసే పని అదే కదా. బ్లీచింగ్ కొట్టాక నీళ్లలో ప్రాణమున్నది ఏదీ మిగలదు.

నేను చెరువులోకి దిగి బొంగరాన్ని పొట్టకి హత్తుకుని నిలబడ్డాను.

"బయటికి రా! చెంప పగిలిపోద్ది!" బాబాయ్ అరుస్తున్నాడు. పనివాళ్లు బస్తా మూతి విప్పేశారు. ఆ ఘాటుకే కళ్లు మండిపోతున్నాయి. బొంగరం తిరగడం మానేసి నా చేతుల్లో వణుకుతోంది.

అప్పుడొచ్చింది నాన్నమ్మ. కుచ్చిళ్లు ఎగ్గట్టి, చేతిలో పసుపు డబ్బాతో.

"ఒరేయ్! ఆ బస్తా ఒంపావంటే నా శవాన్ని చూస్తావ్!"

మాది సముద్రం మీద వేట చేసిన కుటుంబం. వలలో ఎన్నడూ చూడని ప్రాణి పడితే మనవాళ్లు అమ్మరు, తినరు. గంగమ్మ బిడ్డ అంటారు. పసుపు కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టి, తిరిగి సముద్రంలో వదిలేస్తారు. నాన్నమ్మ నీళ్లలోకి దిగి బొంగరం నెత్తిన పసుపు రాసింది. పనివాళ్లు బస్తా మూతి మళ్లీ కట్టేశారు. చేపల రోగం కూడా కొన్నాళ్లకి దానంతటదే తగ్గిపోయింది.

"ఇది సముద్రంలోది కాదు నాన్నమ్మా, ఆకాశంలోంచి పడింది" అన్నాను.

"ఆకాశంలో గంగ లేదనుకున్నావా పిచ్చిదానా? ఆ తల్లి దిగొచ్చింది అక్కడినుంచేగా. ఇంకా పసిది. ఎదిగాక వాళ్లమ్మ దగ్గరికి పంపిద్దాం" అంది.

నేను ఇంటర్‌కి గుడివాడ వచ్చేశాక బొంగరం సరిగ్గా తిరగడం లేదట. రంగు మాసిపోయిందట. "తల్లి మీద బెంగ పెట్టుకుందే" అని నాన్నమ్మ రోజూ అమ్మతో అనేదట.

నిన్న పొద్దున్నే పడవ మాట్లాడుకుని, బొంగరాన్ని బిందెలో పెట్టుకుని సముద్రానికి తీసుకెళ్లింది. పసుపు రాసింది. కుంకుమ పెట్టింది. కూతుర్ని అత్తారింటికి పంపినట్టు ఏడుస్తూ వదిలింది.

ఉప్పునీళ్లు దానికి పడవని ఎవరికి తెలుసు? నాకే తెలియదు.

నీళ్లు తగలగానే గిలగిల్లాడిపోయిందట. ఆ వయసులో నాన్నమ్మ సముద్రంలోకి దూకేసింది. పడవవాళ్లు ఇద్దర్నీ పైకి లాగారు. తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్లన్నీ దానిమీదే పోసింది. ఒడ్డుకి చేరేలోపే దాని ప్రాణం పోయింది.

ఇక ఫ్యామిలీ గ్రూపు. పొద్దున చూశాను. "ముసల్ది మూఢనమ్మకంతో చంపేసింది" అని ఒకరు. "చదువు లేకపోతే ఇంతే" అని ఇంకొకరు.

సిగ్గుండాలి! బ్లీచింగ్ బస్తాలు దిగిన రోజు మీ చదువులు ఏ గంగలో కలిశాయి? ఆ రోజు దాన్ని బతికించింది ఈ నమ్మకమే. అప్పుడు మీలో ఒక్కరూ నీళ్లలోకి దిగలేదు.

ఇంకో మాట. పోయేటప్పుడు దాని మీసాలు నాన్నమ్మ గాజులకి చుట్టుకుని ఉన్నాయట. విప్పడానికి చాలా సేపు పట్టిందని పడవవాళ్లు అమ్మతో చెప్పారు. నమ్మని మనిషిని ఏ ప్రాణీ అలా పట్టుకోదు.

నాన్నమ్మ నిన్నటి నుంచి చెరువు గట్టు మీదే కూర్చుంది. మెతుకు ముట్టలేదు. ఇంట్లోకి రానంటోంది. అమ్మ ఫోన్ ఇస్తే నాతో ఒక్కటే అంది: "నువ్వు రమ్మంటేనే లోపలికి వస్తానే చిన్నీ."

వస్తున్నాను నాన్నమ్మా. చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను.

వెళ్లిరా బొంగరం. నీ ఊరేదో నాకు తెలియనే లేదు. ఎక్కడున్నా ఏ భయం లేకుండా, చల్లగా తిరుగు.