పచ్చ పెట్టె, నీలం పెట్టె, మా అమ్మ సంగటి

కళ్యాణదుర్గంలో చెనిక్కాయలు, అదే వేరుశనగ, ఒలిచే మిల్లుల వైపు పోయి "ఇంజనీరు శీనా తెలుసా?" అని మాత్రం అడగకండి. ముందు నవ్వుతారు, తర్వాత కుర్చీ వేస్తారు, ఆపైన టీతో పాటు నా పరువు కూడా మీ చేతిలో పెడతారు. అంతకంటే నా నోటే వినండి. బంగారంలాంటి వానను ఒక్కడినే చేతులారా ఎండబెట్టబోయిన కథ ఇది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. డిప్లొమా చేసి, బెంగుళూరులో ఏడాది పనిచేసి, లోకంలోని వైర్లన్నీ నా మాటే వింటాయని నమ్మే వయసు. నాగమణక్క తన మిల్లుకు కొత్త మిషన్లు తెప్పించింది. ఏ మోటారు ముందు తిరగాలో, ఏది ఎప్పుడు ఆగాలో చెప్పే చిన్న పెట్టె ఒకటుంటుంది. పీఎల్‌సీ అంటారు. మిల్లుకు అదే బుర్ర. ఏ కంపెనీ బుర్ర కొనాలో తేల్చమని అక్క నాకు అప్పగించింది.

తేల్చడానికి నెల పట్టింది. నలభై గళ్ళ పట్టిక గీశాను. పెళ్ళిసంబంధం చూసేవాళ్ళు కూడా అన్ని ప్రశ్నలు అడగరు. చివరికి రెండు మిగిలాయి. ఒకటి పచ్చ పెట్టె, ఒకటి నీలం పెట్టె. కంపెనీల పేర్లు చెప్పను, పాపం, వాటి తప్పేమీ లేదు.

మిల్లులో పాతకాపు ఖాదరన్న, ఎలక్ట్రీషియన్, నా పట్టికను తలకిందులుగా పట్టుకుని చూశాడు.

"ఏ పెట్టైతే ఏమప్పా? దాని మీద చిన్న దీపాలు ఉంటాయి కదా. ఏ స్విచ్చు సరిగ్గా ఉండాదో అవే చెప్తాయి. వాటిని చూసేటోడు ఒకడుంటే సాలు."

"దీపాలు చూసే కాలం పోయిందన్నా," అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పచ్చ పెట్టె కొన్నాం. దానికి నా సొంత తెలివి కూడా జోడించాను. బెల్టు పొడవునా, నీళ్ళకుండ ఉన్న గోడ దాకా, ఒక తాడు కట్టించాను. ఎవరి చెయ్యి ఇరుక్కున్నా, పక్కనున్నవాళ్ళు తాడు లాగితే మిల్లంతా ఆగిపోవాలి. "ఆపు తాడు" అని ఎర్ర రంగుతో బోర్డు కూడా నేనే రాశాను. బిగించినన్ని రోజులూ అక్కే అన్నం పెట్టింది, మిల్లు కూడా చక్కగా తిరిగింది.

ఒక గురువారం సాయంత్రం వాన పడింది. మా నేలలో పదును, అంటే విత్తడానికి సరిపడా తడి, నాలుగు రోజులే ఉంటుంది. ఆలోపు విత్తనం పడాలి. శుక్రవారం పొద్దున్నే రైతులు దాచుకున్న కాయలు మూటలు కట్టుకుని, ఒలిపించుకోవడానికి వరస కట్టారు. చివర హనుమంతప్ప. రెండేళ్ళుగా విత్తినదేదీ సరిగ్గా పండని మనిషి. ఇంట్లో మిగిలింది ఆ మూడు మూటలే.

ఆ రోజే మా అమ్మ మొదటిసారి క్యారియరు కట్టి పంపింది. కుక్కలకు అందకుండా కుండ దగ్గర ఎత్తుగా తగిలించి, జబ్బలు చరుచుకుని బటన్ నొక్కాను.

మిల్లు కదల్లేదు.

ఆ పూటంతా ప్రోగ్రాం తిరగేశాను. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి నొక్కితే, తిరిగింది! "చూశావా అక్కా, సరిచేసేశాను," అన్నాను. ఏం సరిచేశానో దేవుడికే తెలియాలి. శనివారం పొద్దుటి నుంచే తిరిగింది. నా మీద నాకు గౌరవం పెరిగింది. ఆదివారం మళ్ళీ పూట ఎగ్గొట్టి, నేను తిన్నాకే తిరిగింది.

"అక్కా, ఈ కంపెనీ చలిదేశం వాళ్ళది. దీనికి ఎండెక్కితే గానీ ఒళ్ళు వంగదు. నీలం పెట్టె తెప్పిద్దాం," అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నాకు చేతకాక పెట్టె ఓడు.

"నీకు తెలిసిందే కదా శీనా, తెప్పించు," అంది అక్క. ఆమె అలా నమ్మడమే నన్ను చెడగొట్టింది.

ఆదివారం సాయంత్రం బెంగుళూరు బస్సులో నీలం పెట్టె దిగింది. సోమవారం తెల్లారేసరికి వచ్చి, క్యారియరు సంచి తగిలించి, పెట్టె బిగించి, బటన్ నొక్కాను.

కదల్లేదు.

హనుమంతప్ప తన మూటల మీద నుంచి లేచాడు. "నాయనా, పొద్దుగూకేలోగా విత్తకుంటే పదును ఆరిపోతాది. ఈ కాయ తప్ప నాకింకేం లేదు," అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

"ఒక మాట సెప్తా, తప్పు పట్టద్దు," అని మళ్ళీ అందుకున్నాడు హనుమంతప్ప. " మూడు దినాల్నుంచి ఈడే కూసోని సూస్తాండా. నువ్వు తిన్నంకనే అది తిరుగుతాండాది. ఇంత సంగటి తినేయి సారూ."

నాకు రోషం వచ్చింది. "ఇది ఎలక్ట్రానిక్సు పెద్దాయనా! నా కడుపుకీ దానికీ సంబంధమేంటి?"

"మరి శనివారం తినకుండానే తిరిగింది కదా?" అంది అక్క.

"శనివారం మా ఇంట్లో ఒక్కపొద్దు అక్కా. క్యారియరే తేలేదు."

ఖాదరన్న పెట్టె మీదికి వంగాడు. "నాలుగో దీపం వెలగల్యా. ఆ వైరు యాడికి పోతాదప్పా?"

"ముందు నువ్వు తిను శీనా!" అని అక్క గదమాయించింది. ఎనిమిదిన్నరకు, ఇరవై మంది రైతులు చూస్తుండగా, అవమానంతో కుండ దగ్గరికి పోయి క్యారియరు సంచి ఎత్తాను.

ఎత్తగానే తాడు చటుక్కున పైకి లేచింది. సంచి వెనకాల నుంచి ఎర్రగా నా చేతిరాత కనబడింది: "ఆపు తాడు".

"వెలిగిండాది!" అని అరిచాడు ఖాదరన్న.

మూడు గిన్నెల స్టీలు క్యారియరు, అడుగు గిన్నెలో మా అమ్మ కలిపిన సంగటి ముద్ద. ఆ బరువుకు మిల్లేం ఖర్మ, రైలైనా ఆగుతుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. నేను తాడుకు సంచి తగిలించి బెంగుళూరంతా వెతికాను.

ఎవరూ తిట్టలేదు. నవ్వడానికే వాళ్ళకు ఊపిరి చాలలేదు. అక్కయితే కుండకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంది. వరసలో అందరూ జరిగి హనుమంతప్పను ముందుకు తోశారు. గంటలో అతని విత్తనం మూటల్లోకి ఎక్కింది. పోతూ పోతూ, "మీ అమ్మకు సెప్పు, ముద్ద బాగా కలుపుతాదని," అన్నాడు.

ఆ ఏడు అతని చేను పండింది. పంట ఒబ్బిడి చేసి ఇంటికి చేర్చుకున్నాక, నాకోసం సంచెడు పచ్చి చెనిక్కాయలు మోసుకొచ్చాడు. మిల్లు గుమ్మంలో నిలబడి, అందరికీ వినబడేలా అడిగాడు:

"సారూ, యాడ తగిలించమంటావు?"

వెనక్కి ఇవ్వడానికి వీల్లేని నీలం పెట్టె ఇప్పటికీ అక్క బల్ల మీద కాగితాలు ఎగరకుండా కాపలా కాస్తోంది. దాని మీద కుడిచెయ్యి ఉంచి, మా అమ్మ సంగటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా సంచి ఎక్కడుందో చూసుకోకుండా ఈ జన్మలో ఏ కంపెనీనీ తిట్టను. నా పట్టికకు నలభై ఒకటో గడి కూడా గీశాను. అందులో "క్యారియరు బరువు" అని రాసుకున్నాను.