పుంగనూరు హోటల్లో సంగటి ముద్ద

ఆడవాళ్లకు బస్సు ఉచితమైనాక, ప్రతి నెలా మొదటి గురువారం నేను మదనపల్లె నుంచి, మా చెల్లెలు కుప్పం నుంచి వచ్చి పుంగనూరులో కలుసుకుంటున్నాం. నా డైరీ ప్రకారం మొన్నటిది ఏడోసారి. చెల్లెలికి దూరమెక్కువ, దిగేసరికి పన్నెండవుతుంది. తిరుగు బస్సు మూడున్నరకు. అంతసేపు ఇద్దరు ముసలివాళ్లను లెమ్మనకుండా కూర్చోనిచ్చే హోటలు బస్టాండు దగ్గర ఒక్కటే ఉంది. అక్కడ రాగి సంగటి కూడా దొరుకుతుంది. చెల్లెలికి పళ్లు లేవు. సంగటి నమిలేది కాదు, పులుసులో అద్ది మింగేది. ఏదో ఒకటి తినకపోతే షుగరు మనిషి అంత దూరం తిరిగి పోలేదు.

అందుకే ఆ హోటలు రోతను ఆరు నెలలు ఓర్చుకున్నాను. బల్ల తుడిచిన గుడ్డతోనే గ్లాసులు తుడుస్తారు. పప్పు గిన్నె అంచున పాత పప్పు పెచ్చు కట్టి ఉంటుంది. చేతులు కడిగే తొట్టిలో మెతుకులు అడ్డంపడి నీళ్లు నిలిచి ఉంటే, అందులోనే పుక్కిలించి ఉమ్ముతారు.

మొన్న చెల్లెలు ఒక ముద్ద తిని రెండోది అడిగింది. వంటింటి తలుపు తీసి ఉంది. వేడి సంగటి, చెయ్యి తడుపుకోనిదే ముద్ద కాదు. వంటాయన ఎంగిలి పళ్లాలు జాడించే బకెట్లో చెయ్యి ముంచాడు. ఆ నీళ్లమీద నూనె, కరివేపాకు తేలుతున్నాయి. అదే చేత్తో ముద్దను నున్నగా దిద్దాడు.

“ఏమప్పా, అవి ఎంగిలి నీళ్లు గదా?” అని అరిచాను.

గల్లా దగ్గర కూర్చున్న యజమాని నవ్వాడు. “చెయ్యి తడపకుండా ముద్ద యాడ అవుతాదమ్మా?”

“తడపొద్దనలేదు. ఏ నీళ్లతో తడుపుతాండాడని అడుగుతాండాను.”

“ఇంతమంది తింటాండారు, నీకొక్కదానికే రోతా? రెండు ముద్దలకు సినిమా సూసినంత సేపు కూసుంటారు. బాగలేకుంటే ఇంకో హోటలు సూసుకోండి.”

చెల్లెలు నా తొడ గిల్లింది. “గమ్మునుండక్కా. ఈడ కూడా ల్యాకపోతే మనం యాడ కూసునేది?”

లేచాను. తొట్టి దగ్గరి సబ్బుకు అంటుకున్న వెంట్రుకలు గోటితో తీసి, మోచేతుల దాకా కడుక్కున్నాను. వంటింట్లోకి పోయి, నా సీసాలో నీళ్లు అరచేతిలో పోసుకుని, కుండలోని సంగటి తీసి ముద్ద చుట్టాను. చెయ్యి కాలింది.

వంటాయన అన్నాడు, “రేపట్నుంచి పనికొస్తావా అమ్మా?”

“నువ్వు మానేస్తే వస్తాను.”

పక్క బల్ల మనిషి కేక వేశాడు. “ఆ పెద్దమ్మ చేసిన ముద్దే నాకూ వెయ్యండప్పా!”

యజమాని మొహం మాడింది. నీళ్లు మార్చమన్నాడు. వంటాయన ఆ జిడ్డు బకెట్టునే ఒంపి, తోమకుండానే మళ్లీ నింపాడు.

చెల్లెలు నేను చేసిన ముద్ద తిన్నది. నేనేమీ ముట్టలేదు.

ముద్దకు చెయ్యి తడిపే నీళ్లకని వచ్చే నెల ఇంటి నుంచి చెంబు తెస్తానని యజమానికి చెప్పాను.

“తెచ్చుకో తల్లీ,” అన్నాడు, నా వైపు చూడకుండా.