మూడు ఫొటోలు, మూడు చున్నీలు

మొన్న మంగళవారం కొరియర్‌లో ఒక ప్యాకెట్ వచ్చింది. చుట్టిన ప్లాస్టిక్ అంతా విప్పితే లోపల గాజు ఫ్రేము, అందులో బంగారు రంగు అక్షరాలతో ఒక ప్రశంసాపత్రం. కొత్తగా చేరిన అధ్యాపకులు నిలదొక్కుకొని చక్కగా పాఠం చెప్పేలా తీర్చిదిద్దినందుకు మా కాలేజీవాళ్ళు నన్ను 'ఉత్తమ మార్గదర్శి'గా గుర్తించారట. చదవగానే రోత పుట్టింది. మా ఆయన మాత్రం సంబరపడిపోయి హాల్లో ఏ గోడకు తగిలిస్తే బాగుంటుందో చూస్తూ మేకు కోసం వెతకడం మొదలుపెట్టారు. ఆ మేకు గోడలోకి దిగితే నేను ఇంట్లోంచి దిగిపోతానన్నాను. రిటైరై నాలుగు నెలలు కాలేదు, అప్పుడే చిరాకు ఎక్కువైందని ఆయన గొణుక్కున్నారు. చిరాకు కాదు, సంగతి వేరే ఉంది. అది చెప్పాలంటే నేను కొత్త లెక్చరర్‌గా ఉన్న రోజుల దగ్గర్నుంచి చెప్పాలి.

నేను పుట్టి పెరిగింది బహదూర్‌పురాలో. మా నాన్న సిటీ బస్సు నడిపేవాడు. అందుకని పాతబస్తీలోనే ఉన్న యూనివర్సిటీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే ఉద్యోగం వచ్చినప్పుడు, మన పిల్లలే కదా, ఎంతసేపు అనుకున్నాను. క్లాసులో సగం మంది ఉర్దూ మీడియం, సగం మంది తెలుగు మీడియం, చేతిలో పుస్తకం ఇంగ్లీషు. రాత్రంతా బట్టీపట్టిన పాఠం ఊపిరి తీసుకోకుండా అప్పజెప్తుంటే, పది నిమిషాలకు వెనక బెంచీ నుంచి ఎవడో కోడిపుంజులా కూశాడు. స్టాఫ్‌రూంలో బీరువా చాటుకు వెళ్ళి ఏడ్చాను. మా డిపార్ట్‌మెంట్‌లో అందరికంటే సీనియర్ ఒకావిడ ఉండేవారు, అందరం పెద్దమేడం అనేవాళ్ళం. మంచి భారీ మనిషి. ఆవిడ ఓదార్చనూ లేదు, ధైర్యం చెప్పనూ లేదు. "ఏడ్చుడు అయినంక మొకం కడుక్కో. రేపటి సంది నీ క్లాసుల నేను కూసుంట" అని టిఫిన్ డబ్బా మూత తీసి తినసాగారు.

నెల రోజులు కూర్చున్నారు. పిల్లల మధ్య, చివరి బెంచీలో, అది కిర్రుమంటుంటే కూడా లేవకుండా. క్లాసయ్యాక నా తప్పులు ఒక్కటీ చెప్పేవారు కాదు. ఆవిడ చూసేది నన్ను కాదు, పిల్లల చేతుల్ని. "పదో నిమిషంకాడ పెన్నులు కింద పెట్టిండ్రు. గప్పుడు నువ్వు ఏం చెప్తున్నవో యాద్ చేసుకో" అనేవారు, అంతే. ఆ నిమిషం దగ్గర ఏం పాడుచేశానో వెతుక్కోవడం నా పని. దీనికి ఫారమూ లేదు, సంతకమూ లేదు. పైగా ఆదివారాలు వాళ్ళ ఇంటికి రమ్మనేవారు. హుస్సేనీ ఆలంలో ఇల్లు, ఇంటి వెనక కొట్టంలో వాళ్ళ అన్నయ్య బర్రెలు. తడి గడ్డి వాసన, పేడ వాసన, పొయ్యి మీద పొంగుతున్న పాల వాసన కలిసి ముక్కుకు కొట్టేవి. సోమవారం చెప్పబోయే పాఠం ముందు పాలు పితికే ఆ అన్నయ్యకు చెప్పాలి. కొత్తగా చేరిన వాళ్ళెవరికైనా ఇదే నియమం, అందరూ ఆ పేడలో నిలబడి పాఠం చెప్పినవాళ్ళే.

నేను మొదటిసారి గిరాకీ సూత్రం చెప్పాను. ధర పెరిగితే గిరాకీ తగ్గుతుంది, ధర తగ్గితే గిరాకీ పెరుగుతుంది. ఆయన పితకడం ఆపకుండానే, "అట్లనా బిడ్డా? మరి రంజాన్ల నేను పాల రేటు పెంచుత. అయినా పొద్దుగాల్నే క్యాన్లు ఖాళీ అయితయ్. గిరాకీ తగ్గాలె గదా, ఏమాయె?" అన్నాడు. పుస్తకంలో అలాగే ఉందన్నాను. "పుస్తకం రాసినాయనకు బర్లు లేవేమో" అన్నాడు. పెద్దమేడం గడపలో కూర్చుని గోంగూర తెంపుతూ పడీపడీ నవ్వారు. ఇంటికొచ్చి మళ్ళీ పుస్తకం తెరిస్తే, ఆ సూత్రానికి ముందు 'మిగతావేవీ మారకపోతే' అనే షరతు ఉంది. అదేదో అలంకారానికి రాశారనుకుని ఇన్నాళ్ళూ దాటేస్తూ వచ్చాను. రంజాన్‌లో మిగతావన్నీ మారతాయి, ఇంటింటా పాలతో షీర్ ఖుర్మా కాగుతుంది. మర్నాడు క్లాసులో సూత్రం చెప్పకుండా ముందు ఆయన ప్రశ్నే వేశాను. కోడిలా కూసినవాడు లేచి నిలబడి, వాళ్ళ గల్లీలో పాల ధర గురించి ఉర్దూలో మొదలుపెట్టాడు. ఇంకొకమ్మాయి తెలుగులో అడ్డం తగిలింది. అంత లొల్లిలో నేను మొదటిసారి స్థిమితంగా ఊపిరి తీసుకున్నాను.

పెద్దమేడం రిటైరై వెళ్ళిపోయాక నేనూ ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళ క్లాసుల్లో అలాగే కూర్చున్నాను. ఆ తర్వాత కమిటీలొచ్చాయి, ఒకదాని మీద ఒకటి, బెంచీలో కూర్చునే తీరిక ఎక్కడికో పోయింది. చివరికి, కొత్త అధ్యాపకులకు సాయం చేయడానికి కూడా ఒక కమిటీ వచ్చింది. ఏసీ హాల్లో ఐదు రోజుల శిక్షణ. అతిథికి ఇచ్చిన పూలగుత్తినే పక్కనుంచి వెనక్కి తెచ్చి తర్వాతి అతిథికి ఇచ్చేవారు, ఐదో రోజుకు అది కుళ్ళిన కంపు కొట్టింది. ఎవరూ పారేయలేదు, ఫొటోలో కంపు పడదు కదా. 'విద్యార్థుల కళ్ళలోకి చూస్తూ మాట్లాడండి' అనే వాక్యాన్ని ఒక పెద్దమనిషి గోడమీది తెర వైపు తిరిగి, మాకు వీపు చూపిస్తూ చదివాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేను కూడా కొట్టాను, ఆ సంగతి దాచను.

కొత్తవాళ్ళందరికీ ఒక్కో సీనియర్‌ను మెంటర్‌గా కేటాయించారు. నా వంతుకు ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల వచ్చింది. ఏడాది ఒప్పందం మీద చేరింది, పనితీరు బాగుంటేనే కొనసాగిస్తారు. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి గోదాం పైన గది అద్దెకు తీసుకుంది. పొద్దంతా తుమ్ముతూనే ఉండేది, డాక్టరేట్ చేసిన పిల్ల, చేతిరుమాలు వదలకుండా. రెండో నెలలో స్టాఫ్‌రూంలో నా కుర్చీ పక్కన నిలబడి, "మేడం, ఒక్కసారి నా క్లాసుల కూసుంటరా? పిల్లలు ఇంటలేరు. నేను ఏడ తప్పుతున్ననో నాకే తెలుస్తలేదు" అంది. కాలేజీకి గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం వచ్చిపోనీ, తప్పకుండా కూర్చుంటానన్నాను. బృందం వచ్చింది, పోయింది. మళ్ళీ అడిగింది. వచ్చేవారం అన్నాను.

ఈలోగా కమిటీ కోఆర్డినేటర్ వచ్చి మెంటర్ ఫారం ఇవ్వమన్నాడు. ఆమెతో మూడుసార్లు కూర్చుని మాట్లాడినట్టు తేదీలతో రాయాలి, మూడు ఫొటోలు జత చేయాలి. ఒక్కసారి కూడా కూర్చోలేదే అన్నాను. "ఫికర్ జెయ్యకుండ్రి మేడం. ఒక్కరోజే మూడు దిగుండ్రి. చున్నీ మారిస్తే అయిపాయె, అందరు గట్లనే చేస్తున్నరు" అన్నాడు. మర్నాడు ఆ పిల్ల ఒకటి వేసుకుని, ఇంకొకటి కవర్లో పెట్టుకుని వచ్చింది. మూడోదానికి, నేను స్కూటీ మీద దుమ్ముకు ముఖానికి చుట్టుకునే చున్నీ ఇచ్చాను. నేను ఒక ఫొటోలో కళ్ళజోడు పెట్టుకున్నాను, ఒకదాంట్లో తీసేశాను, మూడోదాంట్లో పైట భుజాల చుట్టూ కప్పుకున్నాను. మూడింట్లోనూ పుస్తకం తెరిచి ఏదో వివరిస్తున్నట్టు వేలు పెట్టాను. తీస్తున్నంతసేపూ నవ్వుకున్నాం కూడా. ఫారం మీద సంతకంతో కలిపి మొత్తం పావుగంట పట్టలేదు. ఆ పావుగంట ఆమె క్లాసులో కూర్చున్నా ఏదో ఒకటి దొరికేది.

ఏడాది చివర సమావేశం పెట్టారు. ఆమె పాఠానికి పిల్లలు ఫోన్లలో ఇచ్చిన మార్కులు చాలా తక్కువ. ప్రిన్సిపాల్ ముందు కోఆర్డినేటర్ ఫైలు తెరిచి, "సీనియర్ మేడం మూడుసార్లు కూసోబెట్టి చెప్పిండ్రు సార్. ఫొటోలున్నయ్, సంతకాలున్నయ్. అయినా ఇంప్రూవ్‌మెంట్ లేదు" అన్నాడు. ఎదురుగా ఆ పిల్ల, టేబుల్ మీద మూడు ఫొటోలు. ఏ సాయమూ చేయని నా సంతకం, సాయం చేసినా బాగుపడలేదనడానికి సాక్ష్యమైంది. ప్రిన్సిపాల్ నా వైపు తిరిగి, "అంతేనా మేడం?" అని అడిగారు. అదంతా అబద్ధం, ఒక్కసారి కూడా కూర్చోలేదు అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ నా రిటైర్‌మెంట్ కాగితాలు ఆయన పేపర్‌వెయిట్ కింద సంతకం కోసం ఉన్నాయి. నేను తల ఊపాను. ఆ కమిటీ, ఆ కుళ్ళిన పూలు, ఆ కోఆర్డినేటర్, అన్నిటినీ ఇంతసేపూ తిట్టాను కానీ, నాకు వాటన్నిటికంటే అసహ్యం ఊగిన ఈ తలంటేనే. ఆమె నన్ను చూడలేదు. ఒప్పందం పొడిగించలేదు. మర్నాడు, ఫొటోల రోజు నుంచి తన దగ్గరే ఉండిపోయిన నా చున్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, పేపర్లో మడిచి తెచ్చి, "మీ చున్నీ మేడం" అని టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

మంగళవారం మధ్యాహ్నం ధైర్యం చేసి ఆమెకు ఫోన్ చేశాను. వాళ్ళ ఊరి దగ్గర జూనియర్ కాలేజీలో చెప్తోందట. తుమ్ములు తగ్గాయట. ఆ రోజు నేను అబద్ధం చెప్పానని, అదే సంగతి కాలేజీకి ఉత్తరం రాస్తానని అన్నాను. "రాయుండ్రి మేడం. నా తర్వాత వచ్చినోళ్ళకన్నా పనికొస్తది" అంది. మీ క్లాసుకు వస్తాను, బస్సెక్కి వస్తాను, ఎన్ని రోజులైనా కూర్చుంటాను అన్నాను. నవ్వింది, అందులో కోపం లేదు. "ఇప్పుడెందుకు మేడం? మొదటి రెండు నెలలు పిల్లలే నేర్పిండ్రు. మంచిగనే చెప్తున్న. బెల్లు కొట్టిండ్రు, ఉంట మరి." ఫోన్‌లోంచి పిల్లల గోల, దాని మీద ఆమె గొంతు వినపడ్డాయి, గట్టిగా, ఎక్కడా తడబడకుండా. తర్వాత ఫోన్ కట్టయింది. ఆమె అడిగిన రోజున నాకు ఒక్క గంట తీరిక లేదు, ఇప్పుడు తెల్లారిన దగ్గర్నుంచి తీరికే, అడిగేవాళ్ళే లేరు.