మామ్మ ఆర్పేసిన చుట్ట

నా చిన్నప్పుడు మా మామ్మ ఒడి నాది. ఇంకెవరిదీ కాదు. ఆవిడ మా నాన్నను కన్నతల్లి. ఉద్దానంలో, జలంత్రకోట దగ్గర కొబ్బరితోటల మధ్య మా ఇల్లు. సాయంత్రం పనులయ్యాక మామ్మ నడవలో కాళ్లు చాపుకుని చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెట్టుకునేది. దాన్ని అడ్డపొగ అంటారు. మా వైపు ఆడవాళ్లు చాలామంది అలాగే కాల్చేవారు. ఆ పొగలోనే నేను ఒళ్లో పడుకుని కబుర్లు వినేదాన్ని. మామ్మ వాసన అంటే నాకు చుట్ట వాసనే.

తరవాత తమ్ముడు పుట్టాడు. ఒడి పోయింది. వాడు ఏడిస్తే ముద్దు, నేను ఏడిస్తే మారాం! చూస్తుంటే ఒళ్లు మండిపోయేది.

వాడింకా పాకనైనా లేదు, దగ్గు పట్టుకుంది. ఊపిరి తీస్తే పిల్లికూతలు. ఒకరోజు ఊపిరందక పెదాలు నీలంగా మారితే నాన్న వాడిని ఎత్తుకుని బస్సులో పలాస పరిగెత్తారు. తిరిగొచ్చాక, డాక్టరు ఏమన్నాడని మామ్మ అడిగింది. నాన్న మందుసీసా గూట్లో పెడుతూ, ఇంట్లో పొగ ఉండకూడదట అన్నారు, తలెత్తకుండా. మా వంట పెరటి పాకలో. ఇక ఇంట్లో పొగ ఎవరిదో వేరే చెప్పాలా?

ఆ సాయంత్రం మామ్మ చుట్ట పట్టుకుని పెరటి వెనక జీడితోటలోకి వెళ్లిపోయింది. కాల్చుకుని వచ్చి, నోరు పుక్కిలించి, చీర మార్చుకుని, అప్పుడు వాడిని ఎత్తుకుంది. రోజూ అదే వరస. మా పెదనాన్న చుట్టతో గడపలో అడుగుపెడితే, "బయటికెల్లి కాల్సుకోరా, గుంటడున్నాడు" అని పెద్దకొడుకని కూడా చూడకుండా తరిమేసింది. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం కడుపు రగిలిపోయింది. నేనూ దగ్గేదాన్ని కదా! నాకోసం ఈ మహాతల్లి ఏనాడైనా గుమ్మం దాటిందా?

అప్పుడు నాకో ఉపాయం తట్టింది. జీడితోటలో వాడు ఉండడు, మామ్మ ఒక్కతే ఉంటుంది. మర్నాడు వెనకాలే వెళ్లి ఒళ్లో కూలబడ్డాను. అప్పుడే వెలిగించిన చుట్టను మామ్మ నోట్లోంచి తీసి ఇసకలో గుచ్చేసింది. "లోపలికెల్లే" అంది. ఆ తరవాతి రోజూ అంతే. ఇక ఆగలేకపోయాను.

"ఆడినైతే ఎత్తుకుంతావు, నానొత్తే పొమ్మంతావు! నానేటి పరాయిదాన్నా?" అని భోరుమన్నాను.

మామ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. "ఓలమ్మ, అదేటే! నిన్ను పెంచినప్పుడు నాకు తెల్దే తల్లీ. తెలీక నీకూ ఆ పొగే పట్టించీసినాను. తెలిసినాక నీ ముందర ఎలా కాల్సనే? ఆడిదే ఊపిరేటి, నీది కాదేటి?" అంది. ఆవిడ కళ్లు తడిశాయి. ఆ బాధ నాకప్పుడు అర్థం కాలేదు. నేనూ లెక్కలో ఉన్నానన్న సంగతి మాత్రం బాగా అర్థమైంది.

మర్నాటి నుంచి రోజూ వెళ్లాను. పాపం, మామ్మ వెలిగించడం, నన్ను చూసి ఆర్పేయడం. కొన్నాళ్లకు చుట్ట తేవడమే మానేసింది. అయినా సాయంత్రమయ్యేసరికి జీడితోటకు మాత్రం వచ్చేది. ఒట్టి చేతులతో, నాకోసం.

ఇప్పుడు మా అల్లుడు సిగరెట్టు పట్టుకుని వీధిలోకి వెళతాడు. మంచిదే. కానీ మనవరాలు వెనకాల పరిగెడితే, బయటే కదా అని కాల్చుతూ నిలబడితే నేనూరుకోను. ఆర్పేదాకా అక్కడే నిలబడతాను. నాకు నేర్పినావిడ అలా నేర్పింది మరి.

తమ్ముడికీ మనవలొచ్చారు. వాడు కనిపించినప్పుడల్లా ఇప్పటికీ దెప్పుతాను: నీకోసం మామ్మ బయటికి వెళ్లింది, అంతే. నాకోసం ఆర్పేసింది.