ఎడమ పక్క పిడుదులు

నేను కొన్నేళ్ళు పిడుదులు లెక్కపెట్టి బతికాను. అవి ఆవుల రక్తం మీద బతికేవి, నేను వాటి మీద. అండమాన్లో రంగత్ అనే ఊరి చుట్టుపక్కల పాడి ఆవులకు కొత్త మందు కొట్టి, పిడుదులు ఎంత తగ్గాయో చూడటం మా పరిశోధన. లెక్కకు ఒక పద్ధతి ఉంది. ఆవుకు ఎడమ పక్కనే లెక్కపెట్టి, వచ్చినదాన్ని రెండింతలు చెయ్యాలి. ఇంత బద్ధకాన్ని శాస్త్రం అనొచ్చని పెద్ద చదువు చదివాకే తెలిసింది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. కొన్ని ఆవులకు మందు బదులు వట్టి నీళ్ళు కొట్టాలి. లేకపోతే పిడుదులు తగ్గింది మందు వల్లో, వానల వల్లో తేలదు. ఆ నీళ్ళు బస్టాండు వెనక టీ కొట్టు నడిపే దీదీ ఆవు వంతుకు వచ్చాయి. ఆవిడ పెద్దలు శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళు. ఊరందరికీ దీదీయే, నాకూ అంతే. అవి నీళ్ళని ఆవిడకు చెప్పలేదు. చెబితే ఆవును ఇవ్వదని భయం. పైగా ముక్కుకు గుడ్డ కట్టుకుని మరీ కొట్టేవాణ్ణి.

నాలుగు వారాలకు మందు కొట్టిన ఆవులకు పిడుదులు తగ్గాయి. దీదీ ఆవుకు ఇంకా ఎక్కువ తగ్గాయి. మా మందు కన్నా రంగత్ కుళాయి నీళ్ళే నయమన్నమాట! పోర్ట్ బ్లెయిర్ నుంచి మా పెద్దసారు ఫోన్లో చెడామడా తిట్టారు. ఇంకో వారం ఇలాగే వస్తే నా రెండేళ్ళ పని బుట్టదాఖలే.

ఆ వారం పాక కారుతోందని దీదీ ఆవును అటు తిప్పి కట్టింది. నాకు మొదట కుడి పక్క కనబడింది. చెవి మొదలు పొదుగు దాకా పిడుదులు, నానబెట్టిన శనగలంతేసి. ఎడమ పక్కకు వెళ్ళి తడిమితే చేతికి ఒక్కటీ తగల్లేదు.

పిలిచి అడిగితే దీదీ దొరికిపోయినదానిలా కొంగుకు చేతులు తుడుచుకుంది.

"ఏటి సెయ్యమంటావు డాక్టర్ బాబూ! నీ దవాయి బిల్కుల్ పన్జెయ్యట్లేదు. ఫెయిలైతే నీ నౌకరీ పోద్ది గదా! నువ్వు ఎడం పక్కే సూత్తావు. అందుకే రోజూ పొద్దున్నే ఆ పక్కయి ఏరేత్తన్నాను. రెండో పక్కకి టైమేదీ, కొట్టు తియ్యాల గదా."

నాకు సిగ్గేసింది. ఆవుకు ఒక పక్క పిడుదులకు వదిలేసి, రెండో పక్క నా ఉద్యోగం కోసం శుభ్రం చేస్తోంది ఈవిడ.

"అది మందు కాదు దీదీ, వట్టి నీళ్ళు. నీకు అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆవిడ ఆవు వంక చూసింది, నా వంక చూసింది.

"అయితే దవాయి ఫెయిల్ అవలేదన్నమాట. నీ నౌకరీకి ఏటీ అవదు గదా?"

ఈ ఆవును లెక్కలోంచి తీసేస్తే చాలు, ఏమీ కాదని ఒట్టేసి చెప్పాను. అది తేలాక మొదలుపెట్టింది తిట్లు, సగం తెలుగులో, సగం హిందీలో. నేను కుడి పక్కన కూర్చుని పిడుదులు ఏరాను. ఎన్ని ఏరానో లెక్కపెట్టలేదు.