ఒక్క గ్లాసుకే ఎర్రబడే అల్లుడు

పెలాన్ తన కూతురికి మొగుణ్ణి జాతకం చూసి వెతకలేదు, జీతం చూసీ వెతకలేదు. బల్ల మీద బియ్యం సారా సీసా, పక్కన బొటనవేలంత గాజు గ్లాసు పెట్టుకుని వెతికింది. పెళ్ళిచూపులకి వచ్చినవాడి ముందు గ్లాసు నింపి, "తాగు బాబూ, మొహమాటపడకు" అనేది. వాడు తాగాక వాడి చెవులకేసి చూస్తూ కూర్చునేది. చెవులు మామూలుగానే ఉంటే లేచి తలుపు తీసి, "వచ్చిన దారి గుర్తుందిగా?" అని అడిగేది.

ఆవిడ మొగుడు గ్లాసుకే కాదు, సీసాకి కూడా రంగు మారని మనిషి. సీసా అయ్యాక పెళ్ళాం రంగు మార్చేవాడు. చివరికి ఒక వానాకాలం సైకిలుతో సహా పంటకాలువలో పడి చచ్చాడు. పెలాన్ ముందు సైకిలు తీయించి, ఆరబెట్టి, నూనె పెట్టాక గానీ మొగుడి గురించి అడగలేదని మా గాంగ్‌షాన్ ఊళ్ళో చెప్పుకుంటారు. నేను చూడలేదు. సైకిలు మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్ళు బాగా నడిచింది.

ఏడుగురు పెళ్ళికొడుకులు వచ్చిన దారినే వెళ్ళారు. ఎనిమిదోవాడు బున్‌తెక్. మరమేకులు, అంటే స్క్రూలు, చేసే ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేసేవాడు. కళ్ళు మూసుకుని మరమేకుని రెండు వేళ్ళ మధ్య దొర్లించి దాని సైజు చెప్పేసేవాడు. అతను ఒక గుక్క తాగాడు. ముందు చెవులు, తర్వాత మెడ, ఆ తర్వాత కనురెప్పలు ఉడికిన రొయ్యలా ఎర్రబడ్డాయి. రెండో గుక్కకి బల్ల మీద తల వాల్చి నిద్రపోయాడు. పెలాన్ అతని తల కింద తువ్వాలు మడతపెట్టి, కూతుర్ని పిలిచింది.

"వీడేనే."

సూగిమ్ తొంగి చూసింది. "నిద్రపోతున్నాడమ్మా."

"మీ నాన్న కూడా ఇలా నిద్రపోయుంటే ఇవాళ నాకు పళ్ళన్నీ ఉండేవి."

ఒక్క గ్లాసుకే ఎర్రబడటం మా తైవాన్‌లో వింత కాదు. ఏ బల్ల చుట్టూ చూసినా సగం మంది అంతే. రక్తం బాగా తిరుగుతోంది, మనసులో కల్మషం లేదు అంటారు మావాళ్ళు. కానీ బున్‌తెక్ ఎరుపు వేరు. పెళ్ళైన కొత్తలో ఎవరి విందులోనో ఒక గ్లాసు తాగి నాలుగు రోడ్ల దగ్గర నిలబడితే, సిగ్నల్ పడిందనుకుని చక్కెర మిల్లు బస్సు ఆగిపోయింది. అందులో నేను లేను. టికెట్లు కొట్టినవాడే నాకు స్వయంగా చెప్పాడు. అప్పటినుంచి ఊళ్ళో అతని పేరు ఎర్రమొహం.

పదేళ్ళు ఆ ఇల్లు హాయిగా ఉంది. బున్‌తెక్ పని నుంచి వచ్చి, మేకమాంసం కారపు చిక్కుడు ముద్దలో అద్దుకు తిని, కూతురు పేషాన్‌ని వీపు మీద ఎక్కించుకుని ఇల్లంతా గుర్రంలా తిరిగేవాడు. పెలాన్ కూరల బజారులో, "నా అల్లుడు ఈ జన్మకి తాగుబోతు కాలేడు, కావాలన్నా కాలేడు" అని అడగనివాళ్ళకి కూడా చెప్పేది.

ఆ హాయి తౌకే ఖో కంట పడింది. తౌకే అంటే యజమాని, ఆ ఫ్యాక్టరీ అతనిదే. సరుకు కొనేవాళ్ళు వస్తే మేకమాంసం హోటల్లో బల్ల నిండా వంటకాలూ, జొన్న సారా సీసాలూ పెట్టించి, మధ్యాహ్నం మొదలుపెట్టి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టేవాడు. గ్లాసు ఎత్తినవాడితో సమానంగా గ్లాసు ఎత్తకపోతే అవమానం. అందుకని తన బదులు తాగడానికి ఇద్దరు ముగ్గుర్ని వెంట తెచ్చుకునేవాడు. ఒకరోజు మరమేకుల లెక్క తేల్చడానికి బున్‌తెక్‌ని కూడా పిలిచాడు. బున్‌తెక్ కళ్ళు మూసుకుని మరమేకుల సైజులు చెప్పాడు, నాలుగు జోకులు వేశాడు. వచ్చినవాళ్ళు పడిపడి నవ్వారు. అతనికో గ్లాసు ఇచ్చారు. తాగాడు. వాళ్ళు అతని మొహం చూసి, "పాపం, చాలు చాలు, ఇతన్ని వదిలేయండి" అని తమ గ్లాసులు కూడా దించేశారు.

మర్నాడు తౌకే పిలిచాడు.

"ఒరే ఎర్రమొహం, నీ నోరు బంగారం. నీ మొహమే దరిద్రం."

"పుట్టుకతో వచ్చింది తౌకే, ఏం చెయ్యను?"

"నిన్ను చూసి వాళ్ళు గ్లాసు దించేస్తే ఇక ఒప్పందం ఏమవుద్ది? ఆ మొహం సంగతేదో చూసుకో. చూసుకుంటే మిషను దిగి ఆఫీసులో కూర్చుంటావు. లేదంటే జన్మంతా ఆ నూనెలోనే."

మందుల షాపువాడు దారి చూపించాడు. పుల్లటి త్రేన్పులకి వాడే మాత్రలు, తాగే ముందు రెండు. బున్‌తెక్ వేసుకున్నాడు, తాగాడు, అద్దం చూసుకున్నాడు. చెవులు ముల్లంగి దుంపల్లా తెల్లగా ఉన్నాయి. అంత ఆనందం అతనికి కూతురు పుట్టినప్పుడు కూడా కలగలేదని, అప్పట్లో అతనే చెప్పాడు.

కొద్ది రోజుల్లో రెండు గ్లాసులు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి. అతను తూలేవాడు కాదు, అరిచేవాడు కాదు. సారా వాసన వస్తోందేమని అడిగితే, "వచ్చినవాళ్ళు మీద ఒలకబోశారు" అనేవాడు. పెలాన్ రోజూ సాయంత్రం గుమ్మంలోనే అతని గడ్డం పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చెవులు చూసేది. తెల్లగా ఉండేవి. "తాగలేదు" అని లోపలికి పంపేది. పదమూడేళ్ళు ఆవిడ అలాగే చూసింది, అతను అలాగే చూపించాడు. ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఎర్రమొహాలందరికీ ఈ మాత్ర సంగతి తనే దగ్గరుండి నేర్పేవాడు. మంచి మనసు, దాచుకునేవాడు కాదు.

ముందు అన్నం మెతుకు గొంతులో ఆగింది. తర్వాత జావ కూడా ఆగింది. పెద్దాసుపత్రిలో గొంతు క్యాన్సరన్నారు. డాక్టరు ఇంకా చదువుకునే పిల్లలా ఉంది. అతను మరమేకుల ఫ్యాక్టరీ మనిషని తెలుసుకుని, ఆ భాషలోనే చెప్పింది.

"పెద్దాయనా, మన కాలేయంలో సారా కోసం రెండు మిషన్లుంటాయి. ఎంజైములంటాం. మొదటిది సారాని విషంగా మారుస్తుంది. రెండోది ఆ విషాన్ని ఉత్త పులుపు నీళ్ళు చేసి పంపేస్తుంది. మీకు పుట్టుకతోనే ఆ రెండోది సరిగ్గా పనిచెయ్యదు. విషం అక్కడే పోగుపడుతుంది. మొహం ఎర్రబడేది అందుకే."

"మరి రక్తం బాగా తిరుగుతోందని..."

"అది అలారం."

"నేను మాత్రలు వేసుకున్నానమ్మా. ఎరుపు పోయింది."

"అలారం తీగ తెంపారు. మిషను అలాగే ఉంది. తాగిన ప్రతి గ్లాసూ మీ గొంతుని కోస్తూ పోయింది."

పక్కనే ఉన్న సూగిమ్ అడిగింది. "అయితే మా ఆయన పుట్టుకలోనే శాపం ఉందంటారా?"

"శాపమేం కాదమ్మా. ఆ మిషను పనిచెయ్యకపోబట్టే ఇలాంటివాళ్ళు ఒక గ్లాసుతో ఆగిపోతారు, తాగుబోతులు కారు. ఆగితే అదే కాపలా. ఆగకపోతే అదే చంపుతుంది."

"మా నాన్నకి రంగే మారేది కాదు."

"ఆయనకి రెండు మిషన్లూ బాగుండి ఉంటాయి. ఎంతైనా తాగగలిగే మనిషి."

"తాగాడు," అంది సూగిమ్.

గొంతుపెట్టె తీసేశారు. మెడ కింద నాణెమంత రంధ్రం పెట్టారు. ఆ తర్వాత బున్‌తెక్ నవ్వినా, ఏడ్చినా, అరిచినా ఆ రంధ్రంలోంచి ఒకటే ఈల వచ్చేది. మాట్లాడాలంటే పిల్లలు గీసి చెరిపేసుకునే ప్లాస్టిక్ పలక మీద రాసేవాడు. తౌకే ఖో పళ్ళ బుట్ట పంపించి, "అంతా ఆ సిగరెట్ల వల్లే" అన్నాడు. బున్‌తెక్ జన్మలో సిగరెట్టు ముట్టలేదు. పెలాన్ ఆసుపత్రికి వచ్చి, మంచం పక్కన కూర్చుని అంది.

"నాకు చెవులు చూపించి మోసం చేశావు. తాగుబోతువైనా బాగుండేది. హాయిగా తిట్టుకునేదాన్ని."

అక్కడితో అయిపోయుంటే నేనిది చెప్పనక్కర్లేదు. పేషాన్ పెళ్ళీడుకొచ్చింది. పెలాన్‌కి ఎనభై ఎనిమిదేళ్ళు, కళ్ళలో పొరలు. అయినా అదే గ్లాసు, అదే బియ్యం సారా బల్ల మీద పెట్టించింది. తప్పు పరీక్షలో లేదు, మాత్రలో ఉందని ఆవిడ తేల్చుకుంది. వచ్చిన కుర్రాడి పేరు క్వాన్‌తింగ్. తాగాడు. చెవులు, మెడ, కనురెప్పలు వరసగా ఎర్రబడ్డాయి. ముసలమ్మ చెవుల్ని వేళ్ళతో తడిమి, వేడి చూసి, "వీడే" అంది.

బున్‌తెక్ పలక మీద రాశాడు: ఎక్కడ పని?

"తౌకే ఖో దగ్గర నాన్నా," అంది పేషాన్. "అమ్మకాల ఆఫీసులో కొత్తగా చేరాడు. నిన్ను చూస్తే భలే గౌరవం."

బున్‌తెక్ పలక చెరిపాడు. 'తాగకు. ఎప్పుడూ' అని రాసి కుర్రాడి ముందు పెట్టాడు.

"అయ్యో మామయ్యా, నాకసలు పడదు. చూశారుగా," అన్నాడు క్వాన్‌తింగ్, ఎర్రటి మొహంతో నవ్వుతూ.

ఇక బున్‌తెక్‌కి ఈ లోకంలో మిగిలిన పని ఒక్కటే, ఆ గొంతుని కాపాడటం. పెళ్ళికి ముందు వారం రోజులూ కుర్రాడు ఇంటికి ఎప్పుడొచ్చినా, బున్‌తెక్ ముందు తన చొక్కా బొత్తాం విప్పి రంధ్రం చూపించి, తర్వాతే టీ ఇచ్చేవాడు. సూగిమ్ విసుక్కునేది. "పిల్లాడు జడుసుకుంటున్నాడయ్యా." జడుసుకోవాలనే అతని కోరిక.

పెళ్ళి భోజనం మధ్యాహ్నం, వీధికి అడ్డంగా వేసిన చారల గుడారం కింద. ముప్ఫై ఆరు బల్లలు. పెళ్ళికొడుకు ప్రతి బల్లకీ వెళ్ళి గ్లాసు ఎత్తాలి. బున్‌తెక్ రెండు జొన్న సారా సీసాలు పారబోసి, కాచి చల్లార్చిన నీళ్ళు నింపి, అల్లుడి వెనకే నడుస్తూ తనే పోశాడు. చూడటానికి రెండూ ఒకటే, తెల్లగా. ముప్ఫై అయిదు బల్లలు దాటారు. నేను ఇరవయ్యో బల్ల దగ్గర ఉన్నాను. బున్‌తెక్ మొహం అంత వెలిగిపోవడం అద్దంలో తెల్లచెవులు చూసుకున్న రోజు తర్వాత అదే.

ముప్ఫై ఆరోది తౌకే ఖోది. డెబ్భై ఆరేళ్ళు. పొద్దుటినుంచీ తాగుతున్నాడు, కాలేయంలో రెండు మిషన్లూ జోరుగా తిరుగుతున్నాయి. సీసా లాక్కుని వాసన చూశాడు.

"ఇదేం సారారా ఎర్రమొహం? దీని ఆత్మ ఎప్పుడో పోయినట్టుందే."

బల్లంతా నవ్వింది. బున్‌తెక్ పలక తీసి, 'అతను తాగడు' అని రాశాడు. తౌకే దాన్ని చొక్కా చేతితో చెరిపేసి, పక్కవాడికి చూపించాడు.

"పిసినారి మామ. సారా మిగుల్చుకుంటున్నాడు. నన్ను నీళ్ళతో మోసం చేసినందుకు జరిమానా. పెళ్ళికొడుకు మూడు గ్లాసులు చుక్క మిగలకుండా తాగాలి. నా సీసాలోంచి."

బున్‌తెక్ గ్లాసు మీద అరచెయ్యి పెట్టాడు. ఆ చెయ్యిని క్వాన్‌తింగే, చాలా మర్యాదగా, రెండు చేతులతో పట్టుకుని పక్కన పెట్టాడు. మొదటి గ్లాసు తాగాడు. రెండోది తాగాడు. మూడోది తాగి, గ్లాసు తలకిందులు చేసి చుక్క లేదని చూపించాడు. బల్ల చప్పట్లు కొట్టింది.

బున్‌తెక్ అల్లుడి చెవులకేసి చూశాడు. తెల్లగా ఉన్నాయి.

క్వాన్‌తింగ్ అతని చెవి దగ్గరకి వంగి, దిగులు తీర్చేవాడిలా చెప్పాడు.

"ఏం భయంలేదు మామయ్యా. పొద్దున్నే రెండు వేసుకున్నాను. ఆఫీసులో మొదటి రోజే ఇస్తారు. దాన్ని ఏమంటారో తెలుసా? ఎర్రమొహం మాత్ర. మీ పేరే."

ముందు బల్ల దగ్గర పెలాన్ చప్పట్లు విని, కూతుర్ని పొడిచింది. "పెళ్ళికొడుకు చెవులెలా ఉన్నాయే?"

సూగిమ్ మెడ చాచి చూసింది. "తెల్లగానే ఉన్నాయమ్మా."

"అయితే తాగట్లేదు. మంచి పిల్లాడు," అని ముసలమ్మ పీత అన్నం ఇంకో ముద్ద పెట్టించుకుంది.

తౌకే ఖో లేచి అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇలాంటివాణ్ణి లెక్కలు రాయడానికి కూర్చోబెడతామా? సోమవారం నుంచి నాతో విందులకి రా. మీ మామ కుర్చీ ఇన్నాళ్ళూ ఖాళీగానే ఉంచాను."

క్వాన్‌తింగ్ నడుం వంచి దణ్ణం పెట్టాడు. పేషాన్ సంతోషంతో వాళ్ళ నాన్న మెడ చుట్టూ చేతులు వేసింది. బున్‌తెక్ పలక కోసం వెతికాడు. అది తౌకే మోచెయ్యి కింద, మేక ఎముకల మధ్య ఉంది. అతను నోరు తెరిచాడు. మెడ కింద రంధ్రంలోంచి ఈల వచ్చింది. సన్నగా మొదలై, ఊపిరి ఉన్నంతసేపూ వచ్చింది, మళ్ళీ ఊపిరి పీల్చుకుని మళ్ళీ వచ్చింది.

"చూడండ్రా, ఎర్రమొహం ఎంత నవ్వుతున్నాడో," అన్నాడు తౌకే. బల్లంతా అతనితో కలిసి నవ్వింది. అప్పటికే ఆడవాళ్ళు మిగిలిన చేపల్నీ మాంసాన్నీ ప్లాస్టిక్ సంచుల్లో కట్టుకుంటున్నారు.